అక్షరానికి లైసెన్సు

2024 ఆగస్టులో కెనడా సైన్స్ ఫిక్షన్ రచయిత రాబర్ట్ జె. సాయర్ తన వెబ్‌సైట్‌లో ఒక పెద్ద మూట పెట్టాడు. విప్పి చూస్తే అందులో నవల లేదు, వర్డ్‌స్టార్ 7.0 అనే పాత సాఫ్ట్‌వేర్ ఉంది. దాని మాన్యువళ్లు స్కాన్ చేసిన వెయ్యికి పైగా పేజీలున్నాయి. డాస్ మీద నడిచే ఆ ప్రోగ్రామ్‌ని ఇప్పటి విండోస్‌లో నడిపించే ఎమ్యులేటర్లు, సెట్టింగులతో సహా సిద్ధంగా ఉన్నాయి. హ్యూగో అవార్డు అందుకున్న రచయిత ఇంత చాకిరీ ఎందుకు చేసినట్టు? ఆయన నలభై ఏళ్లుగా దాంట్లోనే రాస్తున్నాడు. 1992 డిసెంబరు తర్వాత దానికి కొత్త వెర్షన్ రాలేదు. అడుగుదామంటే అమ్మిన కంపెనీ లేదు.

కంపెనీ కథ కూడా చెప్పుకోవాలి. వర్డ్‌స్టార్‌ని 1978లో తెచ్చింది సీమోర్ రూబిన్‌స్టైన్ పెట్టిన మైక్రోప్రో. కోడ్ రాసింది రాబ్ బార్నబీ. తర్వాత కంపెనీ పేరు మార్చుకుంది. 1994లో సాఫ్ట్‌కీలో కలిసిపోయింది. సాఫ్ట్‌కీ కాస్తా ద లెర్నింగ్ కంపెనీగా మారింది. దాన్ని 1999లో బార్బీ బొమ్మలమ్మే మాటెల్ కొనుక్కుంది. అక్కణ్ణించి మళ్లీ చేతులు మారింది. ఒకప్పుడు సగం ప్రపంచం ఉత్తరాలు రాసుకున్న సాఫ్ట్‌వేర్ చివరికి ఎవరి బీరువాలో ఏ మూల పడి ఉందో చెప్పగలిగేవాళ్లు లేరు. సాయర్ దాన్ని 'అబాండన్‌వేర్' అన్నాడు, అంటే దిక్కులేని సరుకు. ఆ మాటకి చట్టంలో చోటు లేదు. అమెరికా చట్టం ప్రకారం కంపెనీ పేరు మీద ఉన్న కృతికి ప్రచురించిన నాటి నుంచి 95 ఏళ్లు కాపీరైటు. అంటే 1978 నాటి వర్డ్‌స్టార్ 2073 చివరిదాకా ఎవరిదో ఒకరిదే. ఎవరిదన్నదే తేలదు.

సాహిత్య పత్రికలో ఈ గొడవంతా ఎందుకు అనొచ్చు. నేను పగలు కోడ్ రాస్తాను, రాత్రి కథలు చదువుతాను. ఈ రెండు పనులూ ఒకే చోట కలవడం నేను తక్కువ చూశాను. పాత లైసెన్సు సాఫ్ట్‌వేర్‌ని కొత్త కంప్యూటర్‌కి మార్చడం అనే ఈ పొడి వ్యవహారంలో అవి కలిశాయి. అందులోనూ తెలుగు దగ్గరికొచ్చేసరికి కథ ఇంగ్లీషులో నడిచినట్టు నడవలేదు. ఆ తేడా గురించే ఈ వ్యాసం.

రచయిత బల్ల

సాయర్ 1990లో వర్డ్‌స్టార్ గురించి ఒక వ్యాసం రాశాడు. సాఫ్ట్‌వేర్‌ని ఒక కావ్యాన్ని చదివినంత శ్రద్ధగా చదివిన వ్యాసాల్లో అదొకటి. ఆయన వాదన టూకీగా ఇది: మిగతా వర్డ్ ప్రాసెసర్లు టైపురైటర్‌ని మనసులో పెట్టుకుని తయారైనవి, వర్డ్‌స్టార్ మాత్రం చేత్తో రాసే కాగితాన్ని పోలింది. టైపురైటర్ మీద పై నుంచి కిందకి ఒకే దారిన పోతాం. కాగితం మీద అలా పోం. ఒక పేరా చుట్టూ గీత గీసి వదిలేస్తాం, ఎక్కడికి మార్చాలో తర్వాత ఆలోచిస్తాం. మార్జిన్‌లో గుర్తులు పెట్టుకుంటాం. వర్డ్‌స్టార్‌లో ఒక భాగానికి మొదట్లో, చివర్లో గుర్తు పెట్టి ఫైలంతా తిరిగొచ్చినా ఆ గుర్తులు చెరిగిపోవు. పది చోట్ల అంకెల గుర్తులు పాతుకోవచ్చు. కంట్రోల్ కీతో పాటు ఈ, ఎస్, డి, ఎక్స్ నొక్కితే కర్సర్ పైకి, ఎడమకి, కుడికి, కిందకి పోతుంది. కీబోర్డు మీద ఆ నాలుగు అక్షరాలూ నాలుగు దిక్కుల్లాగే ఉంటాయి. చేతులు అక్షరాల మీద నుంచి పక్కకి కదలక్కర్లేదు.

ఈ పరిశీలనలో నాకు పేచీ లేదు. దానికి ఆయన ఇచ్చిన కారణంతో ఉంది. ఆ నాలుగు అక్షరాల అమరిక ఒక రచనా తత్వం నుంచి పుట్టిందనుకుంటే అందంగానే ఉంటుంది. కానీ వర్డ్‌స్టార్ పుట్టిన రోజుల్లో చాలా టెర్మినళ్లకి బాణం కీలు ఉంటాయన్న నమ్మకం లేదు. ఉన్న అక్షరాలతోనే సరిపెట్టుకోవాలి కాబట్టి బార్నబీ అలా సర్దాడు. లేమి నుంచి పుట్టిన ఏర్పాటు అలవాటైంది, ఆ అలవాటు కొందరు రచయితలకి శైలి అయింది. ఛందస్సు చరిత్ర తెలిసినవాళ్లకి ఇందులో ఆశ్చర్యపడాల్సింది లేదు. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ఇంటర్నెట్ లేని డాస్ మెషీన్ మీద వర్డ్‌స్టార్ 4.0తో రాస్తానని 2014లో కోనన్ ఓబ్రయన్ టీవీ షోలో చెప్తే జనం నవ్వారు. తను కొట్టిన అక్షరాన్ని యంత్రం తనంతట తాను దిద్దడం ఆయనకి నచ్చదు. అది చాదస్తంలా కనిపిస్తుంది గానీ, నాకు తోచినంతవరకూ సాయర్, మార్టిన్ ఇద్దరూ కాపాడుకుంటున్నది తమ వేళ్ల అలవాటునే. కొత్త కంప్యూటర్‌లోకి సాయర్ సాఫ్ట్‌వేర్‌తో పాటు తన చేతుల్ని కూడా మార్చుకున్నాడు.

దీన్ని పుస్తకం నిండా చర్చించినవాడు మాథ్యూ కిర్షెన్‌బామ్. ఆయన 'ట్రాక్ చేంజెస్' 2016లో హార్వర్డ్ ప్రెస్ నుంచి వచ్చింది. వర్డ్ ప్రాసెసింగ్‌కి సాహిత్య చరిత్ర అని ఉపశీర్షిక పెట్టాడు. లెన్ డైటన్ 1970లో వచ్చిన 'బాంబర్' నవలని ఐబీఎం టేపు యంత్రం మీద తయారు చేసుకున్న వైనం దగ్గర్నుంచి, ఎవరు ఎప్పుడు ఏ యంత్రం కొన్నారు, దాంతో ఏం చేశారు అన్నది ఓపిగ్గా తవ్వి తీశాడు. రచయిత యంత్రాన్ని రచన బయటి విషయంగా చూడడం మానెయ్యాలన్నది ఆయన పట్టు. ఈ పుస్తకాన్ని నేను చాలామందికి చదవమని చెప్పాను.

అయితే తెలుగు పాఠకుడిగా చదువుతుంటే ఒక చోట అడుగు తడబడుతుంది. ఆ చరిత్రంతా రచయిత బల్ల చుట్టూ తిరుగుతుంది. రచయిత ముందు కీబోర్డు ఉందన్నది అక్కడ దాదాపు ఒప్పేసుకున్న సంగతి. మనకి 1990ల్లో, 2000ల్లో చాలామంది రచయితల ముందు ఉన్నది తెల్లకాగితం, పెన్ను. కీబోర్డు ఉన్నది డీటీపీ ఆపరేటర్ ముందు. తెలుగులో వర్డ్ ప్రాసెసింగ్‌కి సాహిత్య చరిత్ర రాయాలంటే రచయిత ఇంటికి కాదు, ప్రెస్సు పక్క సందులో ఉన్న డీటీపీ షాపుకి వెళ్లాలి.

ఫైలు లోపల

ముందు ఒక వర్డ్‌స్టార్ ఫైలు లోపలికి తొంగిచూద్దాం. ప్రతి ఇంగ్లీషు అక్షరానికీ కంప్యూటర్‌లో ఒక అంకె ఉంటుంది. ఆస్కీ పద్ధతిలో దానికి ఏడు బిట్లు చాలు. వర్డ్‌స్టార్ తన లైన్లు సర్దుకునే సౌకర్యం కోసం పదం చివరి అక్షరానికి ఎనిమిదో బిట్‌ని కూడా వెలిగించి దాచేది. అందుకని ఆ ఫైలుని మామూలుగా తెరిస్తే ప్రతి పదం చివరా ఏదో పిచ్చి గుర్తు కనిపిస్తుంది. విరుగుడు ఒక్క లైను కోడ్: ఆ ఎనిమిదో బిట్‌ని ఆర్పేయడమే. కంపెనీ మునిగినా, డాస్ పోయినా, ఫ్లాపీ నుంచి ఫైలు బయటపడిందంటే అక్షరాలు అక్కడే ఉంటాయి. వర్డ్‌స్టార్ పోతే ఇంగ్లీషు రచయిత ఒక అలవాటు పోగొట్టుకుంటాడు. రాసినదానికి ఢోకా లేదు.

ఇప్పుడు తెలుగు ఫైలు. డీటీపీ షాపుల్లో దశాబ్దాల పాటు రాజ్యమేలింది పేజ్‌మేకర్. 1985లో ఆల్డస్ అనే కంపెనీ తెచ్చింది. 1994లో అడోబీ ఆ కంపెనీని కొంది. 2001లో వచ్చిన 7.0 ఆఖరి వెర్షన్. దాని స్థానంలో అడోబీ ఇన్‌డిజైన్‌ని నిలబెట్టింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ల ఫైళ్లని ఇన్‌డిజైన్ సీఎస్6 వరకూ తెరవగలిగేది, ఆ తర్వాతి సీసీ వెర్షన్లలో ఆ తలుపు మూసేశారు. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలీదు. అందులో తెలుగు కనిపించాలంటే అను లాంటి ఫాంట్లు, వాటికి తగ్గ కీబోర్డు ప్రోగ్రామ్ విడిగా వేసుకోవాలి.

ఆ ఫాంట్లు చేసిన పని తెలిస్తే ముచ్చటేస్తుంది, భయం కూడా వేస్తుంది. పాత పద్ధతి ఫాంటులో ఉన్నవి మొత్తం 256 గదులు. కొన్ని కంప్యూటర్ సొంతానికి పోగా రెండొందల చిల్లర మిగులుతాయి. తెలుగులో గుణింతాలే నాలుగైదు వందలు. వాటికి ఒత్తులు కలిపితే లెక్క ఎక్కడికో పోతుంది. కాబట్టి ఫాంటు చేసినవాళ్లు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తులు వేరే ముక్కలు. ఇంగ్లీషులో పెద్ద బడి ఏ ఉండాల్సిన గదిలో ఏ ఏత్వమో, డాలర్ గుర్తు గదిలో ఏ వత్తో కూర్చుంటుంది. ఏ ముక్క ఏ గదిలో ఉందన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో రకం.

'స్త్రీ' అనే మాట తీసుకోండి. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమైన ఈ గుర్తు. మనం పలికే వరసలోనే ఉంటాయి. పాత ఫాంటులో ఉన్నది కంటికి కనిపించే వరస: గుడిదీర్ఘంతో ఉన్న స ఆకారం, కింద తావత్తు, పక్కన రావత్తు. యూనికోడ్ మాటని దాచుకుంటుంది. పాత ఫాంటు మాట బొమ్మని దాచుకుంటుంది, ఆ బొమ్మని తెలుగుగా చూపించే తాళంచెవి ఫాంటు ఫైలులో ఉంటుంది. ఫాంటు లేకపోతే మిగిలేది డాలర్లు, బ్రాకెట్లు, ఆశ్చర్యార్థకాలు. ఇంగ్లీషులో రాసే పరికరానికి మాత్రమే లైసెన్సు ఉంటే, మనకి ఆ పదిహేను ఇరవై ఏళ్లు అక్షరానికే లైసెన్సు ఉంది.

వెబ్‌లో కూడా ఇదే కథ నడిచింది. 2000ల మొదట్లో ఒక్కో తెలుగు పత్రిక సైటుకీ ఒక్కో ఫాంటు. 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ ఆ ముక్కల్ని ఏరి యూనికోడ్ చేసి చూపించేది. అది వాడిన తరం పాఠకులకి నేను చెప్పేది వెంటనే తెలుస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచీ చోటుంది, విండోస్‌లో 2001 నాటి ఎక్స్‌పీతో తెలుగు వచ్చింది. అయినా అచ్చు ప్రపంచం చాలాకాలం కదల్లేదు. ఇన్‌డిజైన్‌లో తెలుగు సరిగ్గా కూర్చునే ఏర్పాటు 2012లో సీఎస్6తో గానీ రాలేదు. డీటీపీ షాపు వాళ్లది మొండితనం అనుకోవద్దు, వాళ్లకి పని జరిగే చోటు అదొక్కటే ఉండేది.

ఆపరేటర్ బల్ల

నాకు తెలిసిన ఒక చిన్న ప్రచురణకర్త ఉన్నాడు. అన్నా అని పిలుస్తాను. ఆయన ఓసారి ఒక సీడీ తెచ్చిచ్చాడు. 2003లో అచ్చయిన కథల సంపుటి. పద్నాలుగు కథలు. రచయిత ఇప్పుడు లేరు. రాతప్రతులు ఇల్లు మారినప్పుడు పోయాయి. అచ్చు పుస్తకం ఉంది కదా, టైపు చేయించేద్దాం అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అలా కాదు తమ్ముడూ. పుస్తకం వచ్చాక ఆయన మళ్లీ డీటీపీ షాపులో కూర్చుని దిద్దించాడు, రెండో ముద్రణ కోసం. అది వెయ్యలేకపోయాం. ఆ దిద్దుబాట్లు ఈ సీడీలో తప్ప ఇంకెక్కడా లేవు."

ఒక రచయిత చివరి పాఠం పేజ్‌మేకర్ ఫైలులో, లైసెన్సు ఫాంటులో, తాళం వెనక ఉండిపోయింది. తాళం అంటే మాటవరసకి అన్నది కాదు. ఆ ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌ డాంగిల్‌తో వచ్చింది. కంప్యూటర్ వెనక ప్రింటర్ పెట్టే పేరలల్ పోర్టుకి బిగించే అగ్గిపెట్టంత ప్లాస్టిక్ ముక్క. అది ఉంటేనే ఫాంట్లు లోడ్ అవుతాయి. అన్న ఆ డాంగిల్‌నీ, బిల్లునీ, ఒరిజినల్ సీడీనీ జాగ్రత్తగానే దాచాడు. తయారుచేసిన కంపెనీ ఫోన్ నంబరు మాత్రం పనిచెయ్యడం లేదు.

నా లాప్‌టాప్‌కి పేరలల్ పోర్టు లేదు. ఇప్పుడు దేనికీ ఉండదు. యూఎస్‌బీ నుంచి పేరలల్‌కి మార్చే కేబుళ్లు ప్రింటర్‌ని నడుపుతాయి గానీ డాంగిల్‌తో మాట్లాడలేవు. వర్చువల్ మెషీన్‌లో ఎక్స్‌పీ వేసుకోవచ్చు, కానీ అసలు మెషీన్‌కి లేని పోర్టు దానికెక్కడిది? 64 బిట్ విండోస్ మీద నేరుగా వేద్దామంటే 16 బిట్ ప్రోగ్రాములు అసలు నడవవు, ఆ కాలపు ఇన్‌స్టాలర్లు చాలావరకూ ఆ రకమే. డాంగిల్ డ్రైవర్‌కి 64 బిట్ రూపం, దాని మీద డిజిటల్ సంతకం కావాలి. కంపెనీ లేనప్పుడు సంతకం ఎవరు పెడతారు? చివరికి ఒక స్క్రాప్ షాపులో పాత డెస్క్‌టాప్ దొరికింది, వెనక గులాబీ రంగు పోర్టుతో సహా. డాంగిల్ బిగించి, సొంత సీడీ నుంచే సాఫ్ట్‌వేర్ వేశాం. తెలుగు తెర మీదికొచ్చింది. ప్రతి పేజీనీ బొమ్మగా దాచుకున్నాం. ప్రతి కథనీ టెక్స్ట్‌గా బయటికి తీసి, ముక్కల్ని అక్షరాలుగా కలిపే చిన్న ప్రోగ్రామ్ రాశాను.

ఆ ప్రోగ్రామ్ తొంభై శాతం పని ఒక్క సాయంత్రంలో చేసింది. మిగిలినదానికి నెల పట్టింది. ప కింద చిన్న గీత తగిలిస్తే ఫ, ద కింద తగిలిస్తే ధ, డ కింద తగిలిస్తే ఢ. ఆ గీత విడి ముక్కగా ఉన్న ఫాంటులో అది ఏ అక్షరానిదో పక్కనున్నదాన్ని బట్టి ఊహించాలి. వీటికి సూత్రం రాయొచ్చు. సూత్రానికి లొంగనివి కొన్ని కనిపించాయి. ఝ ఉండాల్సిన చోట, ఫాంటులో ఝ ఉండి కూడా, ఇంకేవో రెండు మూడు ముక్కలు.

ఆ పుస్తకం టైపు చేసినావిడ విజయవాడలో ఇప్పుడు జిరాక్స్ షాపు నడుపుతున్నారు. ఫోన్ చేసి అడిగాను.

"ఆ ఫాంట్లో ఝ బొద్దుగా ఉండేది బాబూ, లైన్లో ఎత్తుగా కనపడేది. ఆయన ఒప్పుకునేవారు కాదు. అందుకని నేనే ముక్కలు కలిపి వేసేదాన్ని. గంట పట్టింది ఆ ఒక్క అక్షరానికి."

కిర్షెన్‌బామ్ పుస్తకం చదివాక నాకు కావలసిన అధ్యాయం ఇదే అనిపించింది. ఆ ఫైలులో రచయిత ఒక్కడే లేడు. తన అక్షరం ఎత్తు గురించి పట్టుబట్టిన రచయితా, ఫాంటు తయారీదారు ఇవ్వని ఝని తన చేత్తో కట్టిన ఆపరేటరూ ఉన్నారు. అచ్చులో ఇద్దరి జాడా ఉండదు. ఫైలులోనే ఉంటుంది.

అంతకంటే పెద్దది ఇంకోటి దొరికింది. తొమ్మిదో కథలో చివరి పేరా ఫైలులో లేదు. అచ్చు పుస్తకంలో ఆ పేరాలో కొడుకు ఊరికి తిరిగొస్తాడు, తల్లి వాకిట్లో నిలబడి ఉంటుంది. ఫైలులో కథ బస్సు దిగని ప్రయాణికుడి దగ్గరే ఆగిపోతుంది. అచ్చు కథ ఓదారుస్తుంది, ఫైలు కథ ఓదార్చదు. విమర్శకుడిగా నాకు రెండోదే మంచి కథ. కానీ నాకు నచ్చిందని అది రచయిత నిర్ణయం అయిపోదు కదా. పుస్తకాలు ఫారాల లెక్కన అచ్చవుతాయి. నాలుగు లైన్లు పక్క పేజీలోకి జారితే ఫారం పెరిగి ఖర్చు పెరుగుతుంది. పేజీ కలిసిరావడానికి తీసేశారా, కథ కలిసిరావడానికి తీసేశారా? ఆవిణ్ణి అదే అడిగాను.

"ఆయన్ని అడక్కుండా ఒక్క మాట కూడా తీయలేదు బాబూ. ఎందుకు తీయమన్నారో మాత్రం గుర్తులేదు."

ఆ ముద్రణలో కథని ఫైలులో ఉన్నట్టే వేసి, పాత పేరాని పుస్తకం చివర గమనికగా ఇవ్వమని చెప్పాను. అన్న అలాగే చేశాడు. తాళం తెరుచుకోకపోయి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. ఆ రచయిత ఓదార్చే కథకుడిగానే మిగిలిపోయేవారు. అప్పుడు మనం రాసే సమీక్షలన్నీ ఆ పేరా మీదే ఆధారపడేవి.

తాళం ఎవరిది

పుస్తకం కొంటే ఆ ప్రతి మనది. చదివి ఇంకొకరికి ఇవ్వొచ్చు, కోఠీ ఫుట్‌పాత్ మీద అమ్ముకోవచ్చు. సాఫ్ట్‌వేర్ కొన్నామనుకుంటాం గానీ, లైసెన్సు కాగితం మనకి అమ్మలేదనీ, వాడుకోనిచ్చామనీ చెప్తుంది. దీని మీద కోర్టులే ఒక మాట మీద లేవు. వాడిన ఆటోకాడ్ సీడీలు అమ్ముకున్నాయన కేసులో 2010లో అమెరికా అప్పీళ్ల కోర్టు అది కొనుగోలు కాదు, లైసెన్సే అంది. 2012లో ఒరాకిల్ లైసెన్సుల కేసులో యూరోపియన్ కోర్టు అలాంటి శాశ్వత లైసెన్సుని అమ్మకంగానే చూసి, మళ్లీ అమ్ముకోవచ్చంది.

మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ఈ విషయంలో అనుకున్నంత కఠినంగా లేదు. చట్టబద్ధంగా ప్రతి చేతిలో ఉన్నవాళ్లు, అది ఏ పని కోసం ఇచ్చారో ఆ పనికి వాడుకోవడానికి దాన్ని కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. నష్టం జరక్కుండా బ్యాకప్ తీసుకోవచ్చు. 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ డిజిటల్ తాళాలు పగలగొట్టడాన్ని నేరం చేసింది. అక్కడ కూడా హక్కుల్ని ఉల్లంఘించాలనే ఉద్దేశం ఉండాలన్నారు, చట్టం నిషేధించని పనికైతే మినహాయింపు ఇచ్చారు. నేను లాయర్ని కాదు. చదివినంతలో, తన డాంగిల్ చచ్చిపోయిన నిజాయితీపరుడికి ఈ చట్టంలో నిలబడే చోటు ఉందనిపిస్తుంది. అమెరికాలో ఇంకా స్పష్టంగా రాశారు. డాంగిల్ పాడైపోయి, కొత్తది మార్కెట్లో దొరకని పరిస్థితిలో దాన్ని దాటుకుని వెళ్లొచ్చని 2003, 2006, 2010 సంవత్సరాల మినహాయింపుల్లో పేరుపెట్టి చెప్పారు. పేరుపెట్టి చెప్పడం ముఖ్యం. అలా లేనప్పుడు చిన్న ప్రచురణకర్త భయపడి వదిలేస్తాడు, లేదా అడ్డదారిన క్రాక్ కాపీ తెచ్చుకుంటాడు. మన డీటీపీ రంగంలో రెండోదే ఎక్కువ జరిగింది.

ఇక్కడ తాళం వేసినవాళ్ల పక్షాన కూడా ఒక మాట అనాలి. వందలాది తెలుగు ఆకారాల్ని రెండొందల గదుల్లో ఇమిడ్చి, తెర మీదా కాగితం మీదా ఒకేలా పడేట్టు చేసిన పని చిన్నది కాదు. ప్రభుత్వం, పెద్ద కంపెనీలు మన లిపిని పట్టించుకోని రోజుల్లో ఆ పని చేసినవాళ్లు వాళ్లే. ఒక షాపు కొంటే చుట్టుపక్కల పది షాపులు కాపీ చేసుకునే చోట వాళ్లు డాంగిల్ పెట్టుకోవడాన్ని నేను తప్పుపట్టలేను. బతికున్న వ్యాపారం తన ఇంటికి తాళం వేసుకుంటుంది. నా అభ్యంతరం వ్యాపారం మూసేసిన రోజు గురించి. దుకాణం కట్టేసి వెళ్తూ, లోపల ఇతరుల సామాను ఉండగా, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లడం గురించి. ఏ ముక్క ఏ గదిలో ఉందో చెప్పే ఒక్క పట్టిక వదిలి వెళ్తే చాలు. అది రెండు పేజీలు కూడా ఉండదు. కోడ్ ఇవ్వక్కర్లేదు, ఫాంటు ఇవ్వక్కర్లేదు.

సాయర్ పంచిపెట్టిన మూట మీద కూడా నా అభిప్రాయం ఇక్కడి నుంచే వస్తుంది. చట్టం కళ్లతో చూస్తే ఆయన ఇచ్చింది తనది కాని సరుకు. అయినా ఆయన పక్షానే ఉంటాను. ఎవరికీ నష్టం లేని చోట, అడిగేందుకు మనిషి కూడా లేని చోట, వాడుకునేవాళ్లే సంరక్షకులవుతారు. మన దగ్గర ఆ పని ఇంకా ఎక్కువ అవసరం, ఎందుకంటే మనం పోగొట్టుకునేది వేళ్ల అలవాటుతో ఆగదు.

ఒక చిన్న షరతు

1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక ప్రతి కలకత్తా నేషనల్ లైబ్రరీకీ, ఇంకో మూడు గ్రంథాలయాలకీ చేరాలి. కాగితానికి ఆ భద్రత ఉంది. ఆ కాగితం వెనక ఉన్న ఫైలుకి ఏ భద్రతా లేదు. అది షాపు హార్డ్‌డిస్కు బతికినంత కాలం బతుకుతుంది. పాత పుస్తకాల పునర్ముద్రణలు చూస్తే చాలావాటిని అచ్చుప్రతి చూసి మళ్లీ టైపు చేసినట్టు తెలిసిపోతుంది. మొదటి ముద్రణలో లేని కొత్త తప్పులు వాటిలో కనిపిస్తాయి. ఒకే పుస్తకానికి రెండుసార్లు ప్రూఫులు దిద్దే ఓపిక, డబ్బు మన ప్రచురణ రంగంలో ఎవరికున్నాయి?

ఇది చదివేవాళ్లలో కథలు రాసేవాళ్లుంటారు, పుస్తకం వెయ్యబోతున్నవాళ్లుంటారు. ప్రచురణకర్తతో మాట్లాడుకునేటప్పుడు రాయల్టీతో పాటు ఒక షరతు కలపండి: అచ్చుకి వెళ్లిన చివరి పాఠం యూనికోడ్ టెక్స్ట్ ఫైలుగా నాకివ్వాలి. పీడీఎఫ్ సరిపోదు, పాత ఫాంటుతో చేసిన పీడీఎఫ్ లోపల ఉండేవి ఆ ముక్కలే. విమర్శకులు 1990ల, 2000ల పుస్తకం మీద రాసేటప్పుడు, ఫైలు ఎక్కడుందని కూడా అడగాలి. తాళపత్రాల పాఠభేదాలు చూసిన పండితుల వారసులమే కదా, పేజ్‌మేకర్ పాఠభేదాలు మనకి చిన్నతనం కాకూడదు.

ఇంట్లో పాత సీడీలు ఉన్నవాళ్లకి ఒక్క సలహా. సీడీతో పాటు ఫాంటు ఫైలు, బిల్లు, డాంగిల్ ఉంటే మూడూ ఒకే సంచిలో పెట్టండి. టైపు చేసినవాళ్ల ఫోన్ నంబరు తెలిస్తే అది కూడా కాగితం మీద రాసి ఆ సంచిలోనే వెయ్యండి. మిగతావన్నీ ఎప్పుడో ఒకప్పుడు, ఏదో ఒక స్క్రాప్ షాపులో దొరుకుతాయి. ఆ ఝ ఎందుకలా ఉందో చెప్పగలిగే మనిషి దొరకడం కష్టం.